పాత మియాటా కొనవచ్చా? కొనండి, కానీ మొదటి ఏడాది డబ్బంతా రబ్బరుకే

మీరు ముఖ్యంగా అడిగినవి మూడు. న్యూజెర్సీలో ఉంటూ ముప్ఫై ఏళ్ల నాటి మాజ్దా మియాటాను, అంటే టాపు మడిచే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారును, సరదాకు రెండో కారుగా కొనడం తెలివైన పనేనా? దాన్ని నడిచే స్థితిలో ఉంచడానికి ఎంత ఖర్చవుతుంది? కొన్నాక టర్బో (ఇంజిన్‌లోకి అదనంగా గాలి నెట్టి బలం పెంచే సామాను) పెట్టించుకుంటే ఎలా ఉంటుంది? వరుసగా నా జవాబులు: కొనవచ్చు. చేతులకు గ్రీజు అంటితే చిరాకుపడని మనిషైతే ఖర్చు మీరు భయపడుతున్నంత ఉండదు. టర్బో మాత్రం వద్దు.

నా దగ్గరున్నది 1994 మోడల్, 1.8 లీటర్ల ఇంజిన్, అయిదు గేర్లు. డాలస్ పక్కన ఉంటాను. ఇంటి పనులూ ఆఫీసూ అన్నీ మినీవ్యాన్ చూసుకుంటుంది కాబట్టి ఈ కారు రెండు వారాలు జాకీల మీద ఉన్నా ఎవరి పనీ ఆగదు. మీకూ ఆ వెసులుబాటు ఉంటేనే ఈ జోలికి రండి. ఉన్న ఒక్క కారూ ఇదే అయితే ప్రేమ మూడు నెలల్లో విరిగిపోతుంది.

స్పోర్ట్స్ కారు అనగానే మనవాళ్లు మొదట వేగం గురించి అడుగుతారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో ఈ కారును మొదటిసారి చూపించినప్పుడు దాని ఇంజిన్ 1.6 లీటర్లు, బలం 116 హార్స్‌పవర్. 1994లో ఇంజిన్ పెంచాక 128. ఇప్పటి మినీవ్యాన్లకు దాదాపు రెట్టింపు బలం ఉంటుంది. మా ఆవిడ పిల్లలను స్కూల్లో దింపడానికి వెళ్తూ సిగ్నల్ దగ్గర నన్ను వెనక్కి నెట్టేయగలదు, నెట్టేసింది కూడా. దీని గొప్పతనం వేరే చోట ఉంది. బరువు టన్నుకు అటూ ఇటూగా ఉంటుంది, అది ముందు వెనకల మధ్య దాదాపు సగం సగం పంచుకుని ఉంటుంది. నాలుగు చక్రాలకూ, ఒక్కో దాన్ని పైనా కిందా రెండు చేతులతో పట్టుకునే, డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. ఇంజిన్ ముందు, నడిపించేవి వెనక చక్రాలు. గేర్‌బాక్సునూ వెనక చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్‌నూ ఒక పొడవాటి అల్యూమినియం చట్రం కలిపి పట్టుకుంటుంది, అందుకే యాక్సిలరేటర్ నొక్కగానే ఊగిసలాట లేకుండా కారు కదులుతుంది. గంటకు నలభై మైళ్ల దగ్గరే మలుపులో ఆనందం మొదలవుతుంది. పోలీసుకు పని పెట్టకుండా ఆనందించగలిగిన స్పోర్ట్స్ కార్లు నాకు తెలిసి చాలా తక్కువ.

1960ల బ్రిటిష్ రోడ్‌స్టర్లు, ముఖ్యంగా లోటస్ ఎలాన్, దీనికి ఆదర్శం. వాటికి నూనె కారడం, కరెంటు సరిగా అందకపోవడం పుట్టుకతో వచ్చిన జబ్బులు. అలాంటి కారునే, పొద్దున్నే తాళం తిప్పితే స్టార్టయ్యేలా, జపాన్ వాళ్లు తయారుచేశారు. 2016లో పది లక్షలవ కారు హిరోషిమాలో తయారైంది. ఇంత సంఖ్యలో ఉండడం వల్లే ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా విడిభాగాలు తేలిగ్గా దొరుకుతున్నాయి, ఏ బోల్టు ఎలా విప్పాలో చెప్పేవాళ్లూ దొరుకుతున్నారు.

ఇక అసలు సంగతి. ఈ కారులో ఇనుము మొండిది, పోయేదల్లా రబ్బరు. సీళ్లు, గొట్టాలు, బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు తొడుగులు), బెల్టులు, టైర్లు, టాపు చుట్టూ ఉండే పట్టీలు. ఇవి మైళ్లతో కాదు, ఏళ్లతో ముసలివవుతాయి. అందుకే ‘నలభై వేల మైళ్లే తిరిగింది, ఎప్పుడూ గ్యారేజీలోనే ఉంది’ అన్న ప్రకటన చూసి మురిసిపోకండి. లక్షన్నర మైళ్లు తిరిగి, ఎప్పటికప్పుడు సీళ్లు మార్చిన రసీదులున్న కారు నా దృష్టిలో దానికంటే మేలు.

ఇనుము మొండిదన్న మాటకు ఒక్క మినహాయింపు ఉంది, తుప్పు. దానికీ కారణం చివరికి రబ్బరు గొట్టాలే. మెత్తటి టాపు మీద పడిన వాన సీట్ల వెనక ఉన్న కాలువలోకి వచ్చి, సీటు బెల్టు స్తంభాల పక్కనుంచి రెండు గొట్టాల్లో దిగి, వెనక చక్రాల ముందు బయటికి పోవాలి. ఆ గొట్టాల్లో ఆకులూ మట్టీ పేరుకుంటే నీళ్లు తలుపు కింది డొల్ల భాగంలోనో సీటు వెనక కార్పెట్‌లోనో నిలుస్తాయి. బయట రంగు నిగనిగలాడుతుంటుంది, లోపల రేకు తినేస్తుంటుంది. చూడడానికి వెళ్లినప్పుడు వెనక చక్రానికి సరిగ్గా ముందు, తలుపు కింది పట్టీని వేళ్లతో నొక్కి చూడండి. బుడగలు కనిపించినా, కొత్తగా మందంగా రంగు పూసి ఉన్నా వెనుదిరిగి రండి. మీ వైపు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఈ పరీక్ష ఇంకా ముఖ్యం. నన్నడిగితే టెక్సస్, అరిజోనా లాంటి చోట కొని లారీ మీద తెప్పించుకోవడమే చవక. రేకు పని చేయించే ఖర్చుతో పోలిస్తే రవాణా ఖర్చు లెక్కలోది కాదు. కొన్నాక ఆ గొట్టాలను గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగతో పైనుంచి పొడిచి శుభ్రం చేసుకోండి. గాలి కొట్టించవద్దు, కింద గొట్టం ఊడిపోతే మళ్లీ తగిలించడం నరకం.

పెన్సిల్వేనియాలో అమ్మకానికి చూశానని మీరు రాసిన ఆ 1991 కారు విషయంలో మరో జాగ్రత్త కావాలి. 1990 మోడల్‌లోనూ 1991 మోడల్ మొదటి కార్లలోనూ ఉన్న 1.6 లీటర్ల ఇంజిన్లకు క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ముందు కొస పొట్టిగా ఉంటుంది. టైమింగ్ బెల్టు (వాల్వులను ఇంజిన్ తాళానికి నడిపే పట్టీ) మార్చినప్పుడు ఆ కొసకు ఉండే బోల్టును ఎవరైనా సరిగా బిగించకపోతే, లోపల కదలకుండా పట్టే చిన్న కీ అరిగి, కప్పీ (బెల్టు తిరిగే చక్రం) ఊగడం మొదలుపెడుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ముందునుంచి కింది కప్పీని చూడండి, వంకరగా ఊగుతుంటే బేరం వద్దు. ఆపాక కప్పీలో బోల్టు చుట్టూ ఉన్న గాడులు లెక్కపెట్టండి. నాలుగుంటే పొట్టి కొస, ఎనిమిదుంటే తర్వాతి రకం. పొట్టి కొస ఉన్నంత మాత్రాన కారు చెడ్డదని కాదు, అలాంటివి నిక్షేపంగా తిరుగుతున్నవి చాలా ఉన్నాయి.

కొన్న వెంటనే చేయవలసిన పని టైమింగ్ బెల్టు. 60,000 మైళ్లకు ఒకసారి మార్చాలి, చరిత్ర తెలియకపోతే మార్చలేదనే అనుకోవాలి. 1990లలోని ఇంజిన్లలో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు, కారు రోడ్డు పక్కన ఆగిపోతుందంతే. బెల్టుకు ఎలాగూ ముందు భాగమంతా విప్పుతారు కాబట్టి వాటర్ పంపు, క్యామ్ సీళ్లు, క్రాంక్ సీలు, రేడియేటర్ గొట్టాలు అన్నీ అప్పుడే మార్చేయండి. రేడియేటర్ పైనున్న ప్లాస్టిక్ తొట్టి రంగు చూడండి. నల్లగా ఉండాల్సింది గోధుమరంగుకు తిరిగితే అది అప్పడంలా పెళుసెక్కినట్టే, ఏ ఎండాకాలమో మధ్యలో పగులుతుంది.

నూనె కారడం గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. ఇంజిన్ వెనక వైపు, డ్రైవర్ ముందున్న గోడకు ఆనుకుని, స్పార్కు ఎప్పుడు పడాలో కంప్యూటర్‌కు తెలిపే క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దానికి చిన్న రబ్బరు రింగు. అది గట్టిపడగానే నూనె ఇంజిన్ వీపు మీదుగా జారి, గేర్‌బాక్సు మొదట్లోనుంచి కింద పడుతుంది. కిందనుంచి చూసేవాళ్లకు అది క్రాంక్ షాఫ్ట్ వెనక సీలు పోయినట్టే కనిపిస్తుంది. ఆ సీలు మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి, అది వెయ్యి డాలర్లు దాటే పని. నా కారుకూ ఒక షాపులో అదే చెప్పారు. ఇంటికొచ్చి ఇంజిన్ వెనక చెయ్యి పెట్టి తడిమితే పైనుంచే తడి ఉంది. రింగు ఖరీదు కాఫీ ఖరీదంత. సెన్సర్ విప్పేముందు అది ఏ కోణంలో ఉందో తెల్ల పెన్నుతో గీత గీసుకోవాలి, లేకపోతే ఇగ్నిషన్ టైమింగ్ మళ్లీ సరిచూడాలి. ఆ నూనె పక్కనే ఉన్న హీటర్ గొట్టాల మీద పడి వాటిని ఉబ్బిస్తుంది కూడా, వాటినీ చూసుకోండి. వాల్వ్ కవర్ గాస్కెట్ కూడా కారుతుంది కానీ అది తెలిసిన దొంగ.

క్లచ్ పెడల్ ఒకరోజు హఠాత్తుగా నేలకు అంటుకుంటుంది. కంగారు పడకండి, క్లచ్ ప్లేటు పోలేదు. గేర్‌బాక్సు పక్కనుండి, ద్రవం ఒత్తిడితో క్లచ్‌ను కదిపే స్లేవ్ సిలిండర్‌లో రబ్బరు కప్పు అరిగింది. చవకైన వస్తువు, రెండు బోల్టులు. పైనున్న మాస్టర్ సిలిండర్‌ను కూడా దానితో పాటే మార్చండి, ఒకటి కొత్తదైతే రెండోది ఎక్కువ కాలం ఓర్చుకోదు. చల్లని ఇంజిన్ టిక్ టిక్ మంటే అది వాల్వులను నొక్కే హైడ్రాలిక్ లిఫ్టర్ల చప్పుడు, నూనె మార్చి నాలుగు మైళ్లు నడిపితే చాలావరకు సద్దుమణుగుతుంది. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, దీనికి ప్రత్యేకంగా మూసి ఉన్న రకం కావాలి. చవకని మామూలు బ్యాటరీ పెడితే ఆమ్లం ఆవిరి డిక్కీ రేకును తింటుంది. టాపు మడిచేముందు వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్పు తెరిచి పడుకోబెట్టాలి. మీ న్యూజెర్సీ జనవరిలో అసలు మడవవద్దు, చలికి అది పటుక్కున పగులుతుంది. 1999 నుంచి వచ్చిన మోడల్‌లో గాజు కిటికీ ఇచ్చారు, అయితే పైకి లేచే హెడ్‌లైట్లు తీసేశారు. ఏది కావాలో మీ ఇష్టం. నేనైతే ఆ లైట్ల కోసం కిటికీని భరిస్తున్నాను.

ఖర్చు లెక్క: మంచి స్థితిలోని కారుకు మొదటి ఏడాది పైవన్నీ మీరే చేసుకుంటే విడిభాగాలకు రెండు వేల డాలర్ల లోపు సరిపోవాలి. షాపులో చేయిస్తే రెండింతలు అనుకోండి. తర్వాత ఏడాదికి అయిదారు వందలు, టైర్లు కాక. పానాల సెట్టు, టార్క్ రెంచి, రెండు జాకీ స్టాండ్లు విడిగా కొనాలి. ఇన్సూరెన్సు మాత్రం పాత కార్లకు ఇచ్చే, విలువను ముందే రాసుకునే రకం తీసుకోండి. మామూలు పాలసీ అయితే ప్రమాదం జరిగినప్పుడు ముప్ఫై ఏళ్ల కారుకు వాళ్లు కట్టే విలువ చూసి ఏడుపొస్తుంది.

ఇక మెరుగులు. మొదట టైర్లు. అంచు మీద నాలుగు అంకెలుంటాయి, 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైనది. పైన గాట్లు లోతుగానే ఉన్నా ఏడెనిమిదేళ్లు దాటితే మార్చేయండి, తడి రోడ్డు మీద వెనక చక్రాలు నడిపే కారు ఆ రబ్బరును క్షమించదు. పాత 14 అంగుళాల చక్రాలకు మంచి టైర్లు దొరకడం తగ్గింది, అందుకే చాలామంది 15 అంగుళాలకు, 195/50 టైర్లకు మారతారు. తేలికైన చక్రాలే కొనండి, 17 అంగుళాలవి చూడముచ్చటగా ఉంటాయి గానీ కారు కాళ్లకు రాళ్లు కట్టినట్టవుతుంది. తర్వాత షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు. ఆ తర్వాత అలైన్‌మెంట్. ఈ కారులో నాలుగు చక్రాలకూ క్యాంబర్ (చక్రం నిలువు వాలు), టో (చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సర్దవచ్చు, ముందు వాటికి క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వాలు) కూడా. ఏ అలైన్‌మెంట్ షాపు కుర్రాడైనా టో ఒక్కటి సరిచేసి పంపేస్తాడు. ఇది తెలిసిన మనిషిని వెతికి పట్టుకుని అన్నీ సర్దించండి. నా కారు స్వభావం మారిపోయింది ఆ ఒక్కరోజుతోనే, అంతకుముందు పెట్టిన డబ్బేదీ ఇంత ఫలం ఇవ్వలేదు.

టర్బో ఎందుకు వద్దంటున్నానంటే, అది ఒక్కటిగా రాదు. బలం పెరగగానే క్లచ్ జారుతుంది. 1.6 కార్ల డిఫరెన్షియల్ చిన్నది, విరుగుతుంది, 1.8ది తెచ్చి వేయాలి. ఈ ఇంజిన్ ముందు చక్రాలు నడిపే కార్లలో అడ్డంగా కూర్చునే కుటుంబానికి చెందినది, కూలెంట్ లోపలికి వెళ్లేదీ బయటికి వచ్చేదీ ముందునుంచే. అందుకే వెనక సిలిండర్లు ఎక్కువ వేడెక్కుతాయి, ఆ దారి మార్చాలి. తర్వాత ఇంజెక్టర్లు, కంప్యూటర్, దాన్ని ట్యూన్ చేసేవాడు, పెద్ద బ్రేకులు. మా టెక్సస్‌లో 24 ఏళ్లు దాటిన కార్లకు పొగ పరీక్ష లేదు కాబట్టి ఇక్కడివాళ్లు ధైర్యం చేస్తారు. రేపు ఉద్యోగం మారి కాలిఫోర్నియా వెళ్తే, అక్కడ మరీ కొత్తవి తప్ప 1976 నుంచి ఇటు పెట్రోలు కార్లన్నిటికీ పరీక్ష ఉంది, ఆ రాష్ట్రం అనుమతించని సామాను ఉంటే గట్టెక్కదు. ఇంతా చేస్తే వచ్చేది ఎక్కువ హైవే వేగం. అదే కావలసి ఉంటే ఆ డబ్బు కలిపి 2019 తర్వాతి మియాటా చూడండి, 181 హార్స్‌పవర్, వారాంతంలో చేతులు నల్లబడవు.

మీరు ఆరడుగులు దాటిన మనిషినన్నారు. సీటు అడుగున నురుగు కొంత కోసి తీయడం ఈ కారున్నవాళ్లలో మామూలే, ఒకటి రెండు అంగుళాలు దిగుతారు. రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్లే ఉద్దేశం ఉంటే కారు బోల్తా పడితే తలను కాపాడే ఇనుప చట్రం, రోల్ బారు తప్పదు. దాని పైభాగం నుంచి ముందు అద్దం చట్రం వరకు చీపురు కర్ర ఆనిస్తే మీ హెల్మెట్ దాని కిందే ఉండాలి. రోడ్డు మీద హెల్మెట్ లేకుండా తిరిగేటప్పుడు ఆ బారుకు గట్టి ప్యాడింగ్ తప్పనిసరి.

చివర్లో అడిగిన రెండు చిన్న ప్రశ్నలు. ఇండియాకు తిరిగి వెళ్లేటప్పుడు దీన్ని హైదరాబాద్ తీసుకెళ్లడం కుదరదు. ఎడమవైపు స్టీరింగ్, పైగా ఇంత పాత వాడిన కారు దిగుమతికి నిబంధనలు ఒప్పుకోవు. పసిబిడ్డ సీటు సంగతంటారా, ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో వెనక్కి తిరిగి ఉండే సీటు పెట్టడం ప్రాణాపాయం, ఈ కారులో వెనక సీటే లేదు. ఆ పని మీ వేరే కారుదే.

పెన్సిల్వేనియా అమ్మకందారును ముందుగా ఈ ఫొటోలు అడగండి: వెనక చక్రాల ముందు తలుపు కింది పట్టీ రెండు వైపులా, క్రాంక్ కప్పీ దగ్గరనుంచి, టైరు మీది తేదీ అంకెలు. టైమింగ్ బెల్టు రసీదు ఉంటే అదీ. పంపడానికి సాకులు చెబితే అంత దూరం కారు వేసుకుని వెళ్లకండి. పంపితే ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.