వెళ్ళారా, వెళ్ళొచ్చారా?

చిరంజీవి అమ్మాయికి దీవెనలు.

చూసిన ఊళ్ళ గురించి ఇంగ్లీషులో చెప్పబోతే వెంట్, గాన్, బీన్ కలగాపులగం అవుతున్నాయని రాశావు. మన 'వెళ్ళాను' ఒక్కటే ఆ మూడు పనులూ చేస్తుంది, చిక్కంతా అక్కడే.

దీనికి విరుగుడు తెలుగులోనే ఉంది. 'నాన్నగారు తిరుపతి వెళ్ళారు' అంటే ఇంకా ఇల్లు చేరలేదు: 'హ్యాజ్ గాన్ టు తిరుపతి'. 'వెళ్ళొచ్చారు' అంటే తిరిగొచ్చేశారు: 'హ్యాజ్ బీన్ టు తిరుపతి'. నోరు విప్పేముందు 'వెళ్ళొచ్చాను' అతుకుతుందేమో చూసుకో. అతికితే బీన్. ఎదురుగా కూర్చుని 'ఐ హ్యావ్ గాన్ టు ఢిల్లీ' అన్నావంటే, నువ్వింకా ఢిల్లీలోనే ఉన్నావని అర్థం!

ఎప్పుడు వెళ్ళావో చెప్పావా, హ్యావ్ తీసెయ్. 'ఐ హ్యావ్ బీన్ టు హంపీ ఇన్ 2019' మనవాళ్ళు తరచూ చేసే తప్పు. 'ఐ వెంట్ టు హంపీ ఇన్ 2019' అనాలి. నిన్న, నిరుడు, మూడేళ్ళ కిందట, అన్నిటికీ ఇంతే. వీసా ఇంటర్వ్యూలో 'హ్యావ్ యూ ఎవర్ బీన్ టు ద యునైటెడ్ స్టేట్స్?' అని అడిగారనుకో. 'యెస్, ఐ హ్యావ్. ఐ వెంట్ ఇన్ 2019' అను. ప్రశ్న హ్యావ్‌తో మొదలైనా, ఏడాది చెప్పేసరికి జవాబు వెంట్‌లోకి దిగుతుంది. వెళ్ళకపోతే 'నో, ఐ హ్యావ్ నాట్'. 'ఐ డిడ్ నాట్' అంటే ఫలానా అప్పుడు వెళ్ళలేదని. మన 'వెళ్ళలేదు' రెండు చోట్లా సరిపోతుంది కనుక ఇక్కడ కాస్త ఆగి మాట్లాడు.

డిడ్ తర్వాత గానీ, హ్యావ్ తర్వాత గానీ వెంట్ రాదు. 'డిడ్ యూ గో' అనాలి.

'గోల్కొండకు వెళ్ళాం'లోని 'కు' మనచేత 'విజిటెడ్ టు గోల్కొండ' అనిపిస్తుంది. మనసులో 'గోల్కొండను చూశాం' అనుకో, టు దానంతటదే రాలిపోతుంది. 'మై ఫస్ట్ విజిట్ టు గోల్కొండ'లో మాత్రం టు ఉండాలి, అక్కడ విజిట్ నామవాచకం. హోమ్, అబ్రాడ్, దేర్ ముందు గో పక్కన టు పెట్టకు.

'ఏటా శ్రీశైలం వెళ్తుంటాం' అనడానికి గోయింగ్ వద్దు: 'వీ గో టు శ్రీశైలం ఎవ్రీ ఇయర్'. 'వచ్చే నెల వెళ్తున్నాం' అయితే 'వీ ఆర్ గోయింగ్' సరైనదే.

ఈసారి రాసేటప్పుడు నువ్వు చూసిన ఐదు ఊళ్ళను రెండేసి వాక్యాల్లో రాసి పంపు: ఏడాది లేకుండా ఒకటి, ఏడాదితో ఒకటి. దిద్ది పంపుతాను.