ఫ్లవర్‌హార్న్ చేప మేతకు తెచ్చిన గ్లాస్ ష్రింప్ (గాజులా కనిపించే చిన్న రొయ్యలు) రెండు రోజులకే సగం చచ్చిపోతున్నాయి. ఎలా బతికించుకోవాలి?

మీరు రాసినదాన్ని బట్టి, యాభై రొయ్యలు తెచ్చి, కవర్ కోసి, కుళాయి నీళ్లున్న చిన్న గాజు తొట్టిలో ఒక్కసారే పోశారు. ఫిల్టర్ లేదు. రెండు రోజులకే సగం పోయాయి. మొదట్లో నేనూ ఇలాగే పోగొట్టుకున్నాను. ఎలాగూ చేప తినేవే కదా అనుకున్నన్నాళ్లూ నా దగ్గర ఒక్కటీ నిలవలేదు. చేపతో సమానంగా చూడటం మొదలుపెట్టాకే నిలిచాయి. నిజానికి చాలా విషయాల్లో చేప కంటే రొయ్యే సున్నితం.

ముందు నీళ్ల సంగతి. కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు తప్పకుండా వేయండి. ఆర్‌ఓ నీళ్లు మాత్రం వద్దు. రొయ్య గుల్ల కట్టుకోవడానికి కాల్షియం కావాలి, ఆ నీళ్లలో అది దాదాపు ఉండదు. మా హైదరాబాద్ బోరు నీళ్లు బకెట్ల అంచులకు తెల్లగా పేరుకుంటాయి, వాటిలోనే నా రొయ్యలు హాయిగా తిరుగుతున్నాయి. కొత్తవి తెచ్చిన రోజు వాటిని కవర్‌లోని నీళ్లతో సహా ఒక గిన్నెలోకి వంచండి. సన్నటి గాలి పైపుకు ముడి వేసి, తొట్టి నీళ్లు సెకనుకు రెండు చుక్కల చొప్పున గంటసేపు అందులో పడనివ్వండి. ఆ తర్వాత వలతో రొయ్యల్ని మాత్రమే తొట్టిలోకి మార్చి, గిన్నెలో నీళ్లు పారబోయండి.

ఫిల్టర్ అంటే ఖరీదైనది అక్కర్లేదు, గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ చాలు. చిన్న రొయ్యల్ని లాగేయదు కూడా. కొత్త స్పాంజి మొదటి రోజునుంచే అమ్మోనియాను (రొయ్యల వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే విషాన్ని) అదుపు చేయలేదు కాబట్టి, దాన్ని మూడు నాలుగు వారాలు మీ ఫ్లవర్‌హార్న్ తొట్టిలో ఉంచి అప్పుడు ఇటు మార్చండి. యాభై రొయ్యలకు 40 లీటర్ల తొట్టి పెట్టుకుంటే మీకు టెన్షన్ ఉండదు.

పంపు రాత్రిళ్లు ఆపుతున్నారా? ఆపకండి. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి అనే ఊరి దగ్గర పల్లె, బాబాయ్ వాళ్లకి రొయ్యల చెరువు ఉంది. సెలవులకు వెళ్తే చూసేవాణ్ణి, తెల్లవారుజామున మూడింటికి బాబాయ్ టార్చిలైటు పట్టుకుని గట్టు మీదకి వెళ్లేవాడు. రొయ్యలు పైకి తేలుతున్నాయంటే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయినట్టే. నాచు, మొక్కలు పగలు ఆక్సిజన్ ఇచ్చినా రాత్రి అవీ వాడుకుంటాయి, అందుకే ఆ వేళకి అడుగంటుతుంది. మొక్కలున్న ఇంటి తొట్టిలోనూ జరిగేది ఇదే. దానికి తోడు నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ పట్టదు. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీలకు ఏడున్నరే. మే నెలలో నేను తొట్టి మూత తీసి, వల గుడ్డ కప్పి, పక్కన టేబుల్ ఫ్యాన్ పెడతాను.

ఇప్పుడు నేను బాగా బాధపడ్డ విషయం. రెండేళ్ల క్రితం ఒక రాత్రి హాల్లో దోమలు ఎక్కువగా ఉన్నాయని మందు స్ప్రే కొట్టి తలుపులు మూశాం. గంట తర్వాత చూస్తే రొయ్యలు పిచ్చిపట్టినట్టు గాజుకు కొట్టుకుంటున్నాయి. కొన్ని పక్కకు ఒరిగి కాళ్లు మాత్రం ఆడిస్తున్నాయి. పొద్దున్నకి ఒక్కటీ మిగల్లేదు. గాలి పంపు ఆ గదిలో గాలినే కదా నీళ్లలోకి తోసేది! దోమల మందుల్లో సాధారణంగా ఉండే పైరిథ్రాయిడ్లు పురుగుల నరాల మీద పనిచేస్తాయి, రొయ్యకు పురుగుతో దగ్గర చుట్టరికం. మీ ఇంట్లో కాయిల్, లిక్విడ్, స్ప్రే ఏది వాడినా తొట్టి ఉన్న గదిలో వద్దు. చేపల జబ్బులకు వేసే రాగి మందులూ అంతే ప్రమాదం. అవి వాడిన తొట్టి నీళ్లు, స్పాంజి, వల దేన్నీ ఇటు తేకండి.

అడుగున తెల్లటి, బోలు రొయ్య కనిపిస్తే కంగారు పడకండి. అది విడిచిన గుల్ల, చెరువుల దగ్గర మౌల్టింగ్ అంటారు. తీయకుండా వదిలేస్తే వాటికవే కొరుక్కు తింటాయి. నిజంగా చచ్చినదైతే ఒళ్లంతా పాలలా తెల్లబడి గులాబీ రంగుకు తిరుగుతుంది, దాన్ని వెంటనే తీసేయాలి. గుల్ల విడిచిన రొయ్య ఒకటి రెండు రోజులు మెత్తగా ఉంటుంది, పక్కవాటికి దొరికితే బతకదు. దాక్కోవడానికి నాచు గుబురు ఒకటి వేయండి. తెచ్చినవాటిలో పొడుగు చేతుల రొయ్య కనిపిస్తే వేరు చేయండి, అది నీలకంఠ రొయ్య జాతికి చెందినది కావచ్చు, మిగతావాటిని వేటాడుతుంది.

మేత కొంచెమే. రెండు రోజులకోసారి బాగా కడిగి ఉడకబెట్టిన పాలకూర ముక్క, లేదా చిటికెడు స్పిరులినా (ఎండబెట్టిన నాచు పొడి). వంటింట్లో ఒలిచిన పచ్చి రొయ్యల తలలు, తొక్కలు వేయకండి. చెరువుల్ని ముంచే తెల్లమచ్చ వైరస్ వాటి ద్వారా రావచ్చు.

చేపకు వేయబోయే ముందు రోజు మాత్రం కడుపునిండా పెడతాను. స్పిరులినా వేసిన కాసేపటికి లైటు దగ్గరగా పెట్టి చూడండి, గాజులాంటి ఒంట్లో తల వెనక నుంచి తోక దాకా వీపు పొడవునా సన్నటి ఆకుపచ్చ గీత నిండుతూ కనిపిస్తుంది. అది నిండిన రొయ్యనే తీసి ఫ్లవర్‌హార్న్‌కి ఇస్తాను. ఖాళీ కడుపుతో నీరసించిన రొయ్య వల్ల చేపకు అందేది తక్కువ.

మీ నీళ్లు బోరువా, కుళాయివా, తొట్టి ఎన్ని లీటర్లది అన్నది కింద రాయండి, ఇంకా ఏమైనా మార్చాలేమో చూసి చెబుతాను.