గేమ్ 22 పార్ట్‌లుగా ఉంది, ఒకదాంట్లో చెక్‌సమ్ ఎర్రర్ (లోపలి డేటా పాడైందని చెప్పేది) వస్తోంది. మొత్తం మళ్ళీ దించుకోవాలా?

అక్కర్లేదండీ, పాడైన పార్ట్ ఒక్కటి మళ్ళీ తెచ్చుకోండి చాలు. అసలు ముక్కలు చేసేది ఇలా దించుకోవడానికీ, మోసుకెళ్ళడానికీ వీలుగా ఉంటుందనే, సైజు తగ్గుతుందని కాదు.

నాకూ ఇదే అయింది. స్టీమ్‌లో (ఆన్‌లైన్‌లో గేమ్‌లు అమ్మే స్టోర్) కొన్న గేమే, ఫోల్డర్ 46 జీబీ. గుంటూరు బ్రాడీపేటలో నా రూముకి వైఫై లేదు, ఫోన్‌లో రోజుకి 2 జీబీ, దాంతో ఎన్నాళ్ళని దించుతాం? విజయవాడలో మా బావ వాళ్ళింట్లో ఫైబర్ ఉంది కదా అని అక్కడ దించి 32 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొడితే, లోపల ఖాళీ ఉన్నా సరే ఫైల్ మరీ పెద్దదని ఆగిపోయింది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది, అందులో ఏ ఫైలూ 4 జీబీకి చేరకూడదు. ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త ఫార్మాట్‌కి మారిస్తే ఆ గొడవ తీరేది గానీ 46 జీబీ 32లో ఎలాగూ పట్టదుగా!

అప్పుడు బావ విన్‌రార్‌లో (ఫైళ్ళని కుదించి ముక్కలు చేసే ప్రోగ్రామ్) 2 జీబీ వాల్యూమ్‌లు, అంటే పార్ట్‌లు, పెట్టాడు. రెండు గంటలు ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత మోగితే తగ్గింది 2 జీబీ! టెక్స్చర్లు (గేమ్‌లో కనిపించే బొమ్మల పై పూతలు), ఆడియో, వీడియోలని గేమ్ కంపెనీలే చాలావరకు ముందే కుదించి ఇస్తాయి, ఇక పిండినా పెద్దగా ఏం రాలదు. కుదించకుండా ముక్కలు మాత్రమే చేసే స్టోర్ మోడ్ పెట్టుకుంటే ఆ రెండు గంటల్లో చాలా భాగం మిగిలేది.

మా మిర్చి యార్డులో టిక్కీ (బస్తా) ఏది విప్పినా మిర్చి ఉంటుంది. ఇవి అలా కాదు. మొత్తం డేటాని వరసగా పేర్చి ప్రతి 2 జీబీకి కోసేస్తారు, ఒక ఫైల్ సగం ఆరో పార్ట్‌లో, సగం ఏడో పార్ట్‌లో ఉండొచ్చు. అందుకే అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, పేర్లు మార్చకుండా, మొదటిదాని మీద ఎక్స్‌ట్రాక్ట్ కొట్టాలి, మిగతావి అదే వెతుక్కుంటుంది. డిస్క్‌లో పార్ట్‌లకి 44, విప్పిన గేమ్‌కి 46, అంటే 90 జీబీ ఖాళీ ఉండాలి. చోటు చాలకపోయినా విప్పడం ఆగిపోతుంది, అదీ ఒకసారి చూసుకోండి.

మొదటి ట్రిప్పులో 14 పార్ట్‌లు, తర్వాతి ఆదివారం 8. తీరా విప్పితే తొమ్మిదోది పాడైంది. నా తప్పే, బస్సు టైమైపోతోందని కాపీ అవగానే పెన్‌డ్రైవ్ పీకేశా. ఏ వాల్యూమ్ పాడైందో విన్‌రార్ పేరుతో సహా చెప్తుంది, మీకూ చెప్పే ఉంటుంది చూడండి. బావ ఆ ఒక్కటీ గూగుల్ డ్రైవ్‌లో పెడితే ఫోన్‌లో దించుకున్నా, రోజు డేటా సరిపోక రెండు రోజులు పట్టింది. విప్పాక స్టీమ్‌లో వెరిఫై (ఫైళ్ళన్నీ సరిగ్గా ఉన్నాయా అని చూసేది) కొడితే గేమ్ తెరుచుకుంది.

ఇప్పుడైతే పార్ట్ 1 జీబీ దాటనివ్వను. పైగా విన్‌రార్‌లో రికవరీ వాల్యూమ్‌లని ఉంటాయి, అలాంటి ఒక్కో ఫైల్ (.rev) పోయిన ఒక్కో పార్ట్‌ని తిరిగి కట్టేస్తుంది. వాటిని రెండు చేయించుకుంటున్నా, బావని మాటిమాటికీ అడిగితే ఏం బాగుంటుంది.