సాక్షి అన్న మాటే రాశానా?

ప్రశ్న: రెండేళ్లుగా సివిల్ కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నాను. జూనియర్ సివిల్ జడ్జి కావాలని కోరిక. మూడేళ్ల ప్రాక్టీస్ ఉంటేనే పరీక్ష రాయనిస్తారట. ఇంకో ఏడాది వృథాయేనా అని టెన్షన్‌గా ఉంది. అంతకన్నా పెద్ద భయం మరొకటుంది. నా తీర్పు తప్పయితే? జిల్లా జడ్జిగా రిటైరైన మీరు ఆ కుర్చీలో ఇన్నేళ్లు ఎలా కూర్చున్నారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు నిబంధన సంగతి చెబుతాను తల్లీ. కొత్తగా లా చదివినవాళ్లు కూడా నేరుగా పరీక్ష రాసేందుకు వీలు కల్పించమని 2002లో సుప్రీంకోర్టే చెప్పింది. 2025 మే 20న అదే కోర్టు కనీసం మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని మళ్లీ తీర్పిచ్చింది. ఆ లెక్క ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ రోజు, అంటే బార్ కౌన్సిల్‌లో వకీలుగా తాత్కాలికంగా పేరు నమోదైన రోజు నుంచే మొదలవుతుంది. జడ్జిల దగ్గర లా క్లర్క్‌గా చేసిన కాలం కూడా కలుస్తుంది. నాకు ఆ తీర్పు నచ్చింది. నీ కేసు లేని రోజు కూడా వెనక బెంచీలో కూర్చుని క్రాస్, అంటే సాక్షిని ఎదుటి వకీలు ప్రశ్నించే తీరు విను. ఒక్క ప్రశ్నకు సాక్షి గొంతు ఎలా మారిపోతుందో ఏ పుస్తకంలోనూ దొరకదు. ఈ ఏడాది వృథా కాదమ్మా.

ఇక నీ భయం. దాన్ని పోగొట్టుకోకు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కొట్లాట కేసు వచ్చింది. సాక్షి ఒక పెద్దావిడ. ఆవిడ తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లిష్‌లో టైపిస్టుకు చెప్పి రాయిస్తున్నాను. ‘వాడు నన్ను గదమాయించాడు’ అంది. తొందరలో నేను రాయించింది మాత్రం ‘బెదిరించాడు’ అని అర్థమొచ్చే మాట. సాక్ష్యం పూర్తయ్యాక దాన్ని చదివి వినిపించాలని చట్టం. రద్దీ రోజుల్లో ఆ పని గబగబా అయిపోతుంటుంది. ఆ రోజు ఎందుకో నేనే ఒక్కో వాక్యాన్నీ తెలుగు చేసి చెప్పాను. అప్పటికే ఆవిడ బొటనవేలికి సిరా పూశారు. వేలు కాగితం మీదికి వచ్చి ఆగిపోయింది.

‘బెదిరించాడని నేననలేదయ్యా. పెద్దగా అరిచి గదమాయించాడు, అంతే’ అంది.

చంపుతానని బెదిరిస్తే అదొక నేరం. గదమాయిస్తే కాదు. మాట దిద్దించి, పక్కన సంతకం పెట్టాను. ఆవిడ చెప్పకపోతే, తెలియకుండానే ముద్దాయి మీద ఇంకో నేరం మోపేవాణ్ణి, అదీ నా ఇంగ్లిష్ వల్ల. ఆ తర్వాత రిటైరయ్యే దాకా కీలకమైన మాట వచ్చినప్పుడల్లా దాన్ని సాక్షి అన్నట్టే తెలుగులో రాయించాను. అప్పీలు విన్న జడ్జి ఆవిణ్ణి చూడరు, గొంతు వినరు. మనం రాసిన కాగితమే ఆయనకు కనిపిస్తుంది. మన ఉద్యోగంలో అన్నిటికన్నా బరువైన పని ఇదేనని నా నమ్మకం.

తీర్పు తప్పయితే అన్నావు. నాదీ ఒకసారి తప్పయింది. ఒక ఇంజంక్షన్ దావాలో (ఎదుటివాళ్లను ఒక పని చేయకుండా ఆపమని కోరే దావా) సాక్ష్యంగా నంబరు వేసి తీసుకున్న శిస్తు రసీదు మీద తేదీని సరిగా చూడలేదు. అప్పీల్లో నా తీర్పు కొట్టేశారు. ఆ కాపీ తెప్పించుకుని రెండుసార్లు చదివాను. తప్పు నాదే. దావాలో పొరపాటును పై కోర్టు దిద్దుతుంది. రిమాండ్ అలా కాదు. జూనియర్ సివిల్ జడ్జి చాలాచోట్ల ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కూడా. అరెస్టు చేసినవాణ్ణి 24 గంటల్లో నీ ముందుకు తేవాలి కాబట్టి ఆదివారం రాత్రయినా ఇంటికే తెస్తారు. నిద్ర కళ్లతో సంతకం పెట్టకు. పోలీసులను కాస్త దూరంగా నిలబెట్టి, అతన్ని దగ్గరికి పిలిచి ‘కొట్టారా?’ అని అడుగు. నోటి మాటతో సరిపెట్టుకోకుండా చేతులు, అరికాళ్లు చూపించమను. అసలు జైలుకు పంపాల్సిన అవసరం ఉందా అన్నది ఆ తర్వాత ఆలోచించు. పంపాక, అక్కడ గడిచిన రాత్రిని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ప్రమోషన్ల గురించి ఇప్పుడే ఆలోచించకు. సీనియర్ సివిల్ జడ్జి, ఆపైన జిల్లా జడ్జి, కొందరికి హైకోర్టు. అవి వాటి వేళకు వస్తాయి.

ప్రశ్న: మా అమ్మాయి ఈ మధ్యే జడ్జిగా చేరింది. బంధువులు తమ కేసుల గురించి ‘అమ్మాయికి ఒక్క మాట చెప్పు’ అని నాకు ఫోన్లు చేస్తున్నారు. కాదంటే అలుగుతున్నారు. ఏం చేయాలి?
– ఒక తండ్రి

జవాబు: అలగనివ్వండి. ఆ ఫోన్ల సంగతి అమ్మాయికి చేరవేయకండి. విన్నాక మరిచిపోవడం ఆమె చేతిలో ఉండదు. తెలిసినవాళ్ల కేసు తన కోర్టుకే వస్తే, దాన్ని వేరే కోర్టుకు మార్చమని ఆమె జిల్లా జడ్జికి రాస్తుంది. సలహా కావాలన్న బంధువుకు ఒక మంచి వకీలు నంబరు ఇవ్వండి.