ఫ్రేమ్‌మేకరా, లేటెక్కా?

ప్రశ్న: ఈసీఈలో బీటెక్ చేసి, బెంగళూరులో ఒక వైద్య పరికరాల కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటున్నాను. 400 పేజీల సర్వీస్ మాన్యువల్ నా చేతిలో ఉంది, అంతా వర్డ్‌లోనే. మధ్యలో ఒక బొమ్మ చేరిస్తే నంబర్లన్నీ తప్పుతున్నాయి. ఫైలు తెరవాలంటేనే టెన్షన్. టెక్నికల్ రైటర్‌గా స్థిరపడాలని ఉంది. ఒక ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు పెద్ద మాన్యువళ్లు తయారుచేసే ఫ్రేమ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ నేర్పుతామంటున్నారు, స్నేహితులేమో కోడ్‌లా టైప్ చేసి పేజీలు కూర్చే లేటెక్ నేర్చుకోమంటున్నారు. ఏది మంచిది?

జవాబు: ఇప్పుడే ఫీజు కట్టకండి. ముందు వర్డ్‌ని సరిగ్గా వాడి చూడండి. ‘పటం 37’ అని చేత్తో టైప్ చేస్తే, కొత్తది చేరిన ప్రతిసారీ మిగతావన్నీ మీరే దిద్దుకోవాలి. ఇన్‌సర్ట్ క్యాప్షన్‌తో నంబరు వేసి, వాక్యాల్లో క్రాస్ రిఫరెన్స్ పెడితే కంట్రోల్ ఏ, ఆపైన ఎఫ్9 నొక్కితే అవే సర్దుకుంటాయి. శీర్షికలకు బోల్డ్ కొట్టడం మానేసి హెడింగ్ స్టైళ్లు వాడండి, అధ్యాయాల నంబర్లను వాటికే ముడివేయండి. బొమ్మలను ‘ఇన్ లైన్ విత్ టెక్స్ట్’లో ఉంచండి. వర్డ్‌లో చాలా ఫైళ్లను ఒకటిగా కలిపే మాస్టర్ డాక్యుమెంట్ జోలికి మాత్రం వెళ్లొద్దు, ఫైళ్లు పాడవుతాయని దానికి ఎప్పటినుంచో చెడ్డపేరుంది. పాత మాన్యువల్‌ని ఇలా బాగుచేయడం విసుగు పుట్టించే పనే. కానీ ఈ క్రమశిక్షణ రేపు ఏ సాఫ్ట్‌వేర్‌కి మారినా పనికొస్తుంది.

లేటెక్ ఉచితం, సమీకరణాలకు దాన్ని మించింది లేదు. పరిశోధన వైపు వెళ్తే తప్పక నేర్చుకోండి. మీ మాన్యువల్‌ని మాత్రం సర్వీస్ ఇంజనీర్లు, క్వాలిటీవాళ్లు కూడా దిద్దాలి కదా! వర్డ్‌లో దిద్దుబాట్లను గుర్తుపెట్టి చూపే ట్రాక్ చేంజెస్‌కి అలవాటుపడినవాళ్లు లేటెక్ ఫైలు ముట్టుకోరు.

ఫ్రేమ్‌మేకర్ 1986 నాటిది, 1995లో అడోబ్ చేతికొచ్చింది. ఒక్కో అధ్యాయాన్ని ఒక్కో ఫైలుగా రాసి బుక్ ఫైలులో కూర్చవచ్చు. వందల పేజీలున్నా తొణకదు. గట్టి సరుకే. అయితే ఉద్యోగ ప్రకటనలు ఒకసారి తిరగేయండి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మార్క్‌డౌన్ (మామూలు టెక్స్ట్‌లోనే గుర్తులతో రాసే పద్ధతి), గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే సాధనం) అడుగుతుంటాయి. విమాన రంగంలో ఎస్1000డి అనే మాన్యువళ్ల ప్రమాణం మాట వినిపిస్తుంది. మీలాంటి పరికరాల రంగానికి నేను చెప్పేది డిటా. ఐబీఎంలో పుట్టి, 2005లో ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణమైంది. ఇది సాఫ్ట్‌వేర్ కాదు, ఎక్స్‌ఎంఎల్‌లో, అంటే ఏ భాగం ఏమిటో ట్యాగులతో గుర్తించి, రాసే పద్ధతి. పది మోడళ్లకూ ఒకే భద్రతా హెచ్చరిక ఉంటే ఒక్కసారే రాస్తారు, అన్ని మాన్యువళ్లూ దాన్నే వాడుకుంటాయి. ఫ్రేమ్‌మేకర్‌లోనూ రాయవచ్చు, ఆక్సిజన్ అనే ఎక్స్‌ఎంఎల్ ఎడిటర్‌లోనూ రాయవచ్చు. పీడీఎఫ్ తీసే డిటా ఓపెన్ టూల్‌కిట్ ఉచితం. ఆ ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు డిటాలో రాయడం నుంచి పీడీఎఫ్ దాకా మీ చేత చేయిస్తామంటే అప్పుడు ఆలోచించండి. మెనూలు చూపించడం వరకే అయితే ట్రయల్ వెర్షన్ దించుకుని మీరే నేర్చుకోవచ్చు.

ఇంకొకటి, ఇంటర్వ్యూల్లో చూపించడానికి మీ కంపెనీ మాన్యువల్ వాడకండి, అది వాళ్ల సొత్తు. మీ పీజీలోని ఇన్వర్టర్ మీదో, వాటర్ ప్యూరిఫయర్ మీదో ఓ ఇరవై పేజీల గైడు డిటాలో రాసి అందరూ చూసేలా గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టండి. కాంట్రాక్టు ముగిసేలోపే పెట్టండి.