గని మూతపడితే ఈ ఉద్యోగం ఏమవుతుంది?

ప్రశ్న: మాది మంచిర్యాల జిల్లా. మా అమ్మాయి సివిల్‌లో బీటెక్ పూర్తి చేసింది. దగ్గర్లోని ఓపెన్‌కాస్ట్ (నేల పైనుంచే తవ్వే) బొగ్గు గనిలో మట్టి తీసే ఒక కాంట్రాక్టు కంపెనీ ఎన్విరాన్‌మెంట్ కంప్లయన్స్ ట్రైనీగా తీసుకుంటామంటోంది. గని రోడ్లు, మట్టి డంపుల మీద మొక్కలు, రిపోర్టులు చూసుకోవాలట. ఇంకొన్నేళ్లకు బొగ్గే ఉండదంటున్నారు, పైగా ఆడపిల్ల. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. చేర్చమంటారా?

జవాబు: చేర్చండి. కాకపోతే చేరే ముందు అమ్మాయిని ఒక్క విషయం తేల్చుకోమనండి. రోజూ గనిలోకి దిగి కొలతలు తీసే పనా, ఆఫీసులో కూర్చుని ఫార్మాట్లు నింపే పనా? రెండూ ఒకే పేరుతో నడుస్తాయి. మొదటిదైతే కళ్లు మూసుకుని చేరొచ్చు. రెండోదైతే ఏడాదికి మించి ఉండొద్దు.

సివిల్ చదివిన పిల్లకు ఇది పరాయి పని కాదు. బొగ్గు గనుల నిబంధనలు (2017) ప్రకారం డంపర్లు తిరిగే హాల్ రోడ్డు వాలు మామూలుగా 16కి 1 మించకూడదు. అంటే 16 మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు కంటే ఎక్కువ ఎక్కకూడదు. లోడుతో ఉన్న డంపర్‌కు బ్రేకు పడాలంటే ఆ లెక్క తప్పకూడదు. అంచున మట్టికట్ట ఉండాలి, వాననీరు రోడ్డు మీద నిలవకుండా పక్కకు పోవాలి. ఇవి చూసేది ధన్‌బాద్ కేంద్రంగా పనిచేసే గనుల భద్రతా డైరెక్టరేట్, అదే డీజీఎంఎస్. దుమ్ము సంగతి మాత్రం పర్యావరణ అనుమతి కిందికి వస్తుంది. దుమ్ము లేవకూడదని ట్యాంకర్‌తో నీళ్లు కొట్టిస్తారు. మరీ ఎక్కువ కొడితే రోడ్డు జారుడు బల్ల అవుతుంది, అప్పుడు భద్రతా విభాగం కేకలేస్తుంది. ఈ రెండు నిబంధనలూ ఒకే రోడ్డు మీద ఎలా నెరవేరాలో చెప్పగలిగే మనిషి గనిలో అందరికీ కావాలి.

మట్టి డంపుల దగ్గర కూడా ఇదే తంతు. భద్రత లెక్కన డంపు వాలు 37.5 డిగ్రీలు దాటకూడదు. చాలా పర్యావరణ అనుమతుల్లో మాత్రం తుది వాలు మొత్తం మీద 28 డిగ్రీలకు మించొద్దని షరతు ఉంటుంది. నిటారు వాలు మీద పరిచిన పైమట్టి మొదటి వానకే కిందికి జారిపోతుంది, మొక్క నిలవదు. అందుకే డంపును మెట్లుమెట్లుగా దించుతారు. ముందే తీసి విడిగా దాచిన పైమట్టిని పైన పరుస్తారు. కొట్టుకొచ్చే మట్టి వాగుల్లో కలవకుండా డంపు చుట్టూ గార్లండ్ డ్రెయిన్ తవ్వి, నీళ్లను సెట్లింగ్ పాండ్‌లోకి, అంటే మట్టి అడుగుకు దిగేలా నీటిని నిలిపే గుంటలోకి మళ్లిస్తారు. ఎంత వానకు ఎంత నీరు వస్తుంది, కాలువ ఎంత వెడల్పు ఉండాలి అన్నది మీ అమ్మాయి ఇప్పటికే పరీక్ష రాసి పాసైన లెక్క.

పర్యావరణ అనుమతిలోని షరతుల అమలుపై ఆరు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి. ఏటా జూన్ 1, డిసెంబర్ 1 గడువులు. జూన్ అంటే వానలు ముంచుకొచ్చే వేళ. కాలువలో పూడిక తీయకుండానే, పోయినసారి రిపోర్టు తెరిచి తేదీ మార్చి, 'పాటిస్తున్నాం' అని దించేసే ఆఫీసులకు కొదవ లేదు. అలాంటి చోట ఏమీ నేర్చుకోదు, పైగా రేపు తనిఖీలో కాలువ చూపించమంటే ఆ కాగితం తయారుచేసిన మనిషి వైపే అందరూ చూస్తారు. ప్రతి షరతుకూ తేదీతో ఫొటో, జీపీఎస్ పాయింటు, కొలత పెట్టుకునే అలవాటు మొదటి నెల నుంచే చేసుకోమనండి.

ఇక బొగ్గు ఆగిపోతే? ఈ పని బొగ్గుతోనే ఆగదండీ, ఒక రకంగా అప్పుడే పెరుగుతుంది. 2009 నుంచి గని మూసివేత ప్రణాళిక తప్పనిసరి. ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన ఎస్క్రో ఖాతాలో (షరతు తీరితేనే డబ్బు తీసుకోగలిగే ఖాతా) జమ చేయాలని అప్పట్లోనే మార్గదర్శకాలు పెట్టారు. చేసిన పని చూపించి, కేంద్ర బొగ్గు శాఖ కింద పనిచేసే కోల్ కంట్రోలర్ ఒప్పుకుంటే గానీ ఆ డబ్బు వెనక్కి రాదు. 2020 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తవ్విన నేల మీద మళ్లీ గడ్డి మొలిపించే షరతు లీజులలో పెట్టాలని ఆదేశించింది. పెద్ద ఓపెన్‌కాస్టుల్లో నేల ఎంత పచ్చబడిందో కోల్ ఇండియాకు చెందిన, రాంచీలోని ప్రణాళిక సంస్థ సీఎంపీడీఐ ఉపగ్రహ చిత్రాలతో లెక్కగడుతోంది. కాబట్టి మ్యాపులు, ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నేర్చుకోమనండి, అది ఉచితం.

ఆడపిల్ల అన్న మాటకొస్తే, 2019లో నిబంధనలు సడలించి ఓపెన్‌కాస్టుల్లో రాత్రి షిఫ్టుకూ మహిళలను అనుమతించారు. అందుకు వారి రాతపూర్వక సమ్మతి ఉండాలి. మీరు అడగాల్సింది రవాణా, టాయిలెట్, షిఫ్టులో తోడుగా ఇంకెంతమంది మహిళలు ఉంటారు అన్నవి. మొహమాటపడకుండా అడగండి.

ఒక పరిమితి మాత్రం ఉంది. సివిల్ డిగ్రీతో గని మేనేజర్ సర్టిఫికెట్ రాదు, దానికి మైనింగ్ చదవాలి. ఎదగాలంటే రెండు మూడేళ్ల తర్వాత ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ మంచి దారి, ధన్‌బాద్ ఐఐటీలో అయితే ఇంకా మంచిది. కోల్ ఇండియా మేనేజ్‌మెంట్ ట్రైనీ నోటిఫికేషన్లలో ఎన్విరాన్‌మెంట్ విభాగం విడిగా వస్తుంటుంది. ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలు కూడా గనిలో తిరిగిన అనుభవానికి విలువ ఇస్తాయి. ప్రభుత్వ ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లో కూర్చుని కోచింగ్ తీసుకోవడం కంటే, చేతిలో ఉన్న ఈ ఆఫర్ నయం. ఆఫర్ లెటర్‌లో పని ప్రదేశం, పీఎఫ్ రాసి ఉన్నాయో లేదో చూసుకుని సంతకం చేయించండి.