గ్రీన్ టెక్నాలజీ కంపెనీని కొంటే మన ఫ్యాక్టరీ పొగ తగ్గుతుందా?

"మా యాజమాన్యం ఒక గ్రీన్ టెక్నాలజీ కంపెనీని కొన్నది. ఇక మా కాలుష్యం తగ్గినట్టేనా?" అని ఒకరు అడిగారు. ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక ఫ్యాక్టరీ బాయిలర్ హౌస్‌లో పదకొండేళ్లు పనిచేశాను. అక్కడ జరిగింది చెబుతాను.

మా వాళ్లు కొన్నది బాయిలర్‌లో గాలి, బొగ్గు పాళ్లు సరిచేసే పరికరాలు తయారుచేసే చిన్న కంపెనీ. అవసరానికి మించి గాలి పంపితే అది వేడెక్కి చిమ్నీలోంచి పోతుంది, ఆ మేరకు బొగ్గు దండగ. కొత్త పరికరం పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసి ఫ్యాన్ తగ్గించాలి. మంచి పరికరమే. అయినా మొదటి ఏడాది టన్ను ఆవిరికి పట్టే బొగ్గు ఏమీ తగ్గలేదు. వానాకాలంలో బొగ్గు తడిసి ముద్దై వస్తుంది. మంట ఎక్కడ ఆరిపోతుందోనన్న టెన్షన్‌తో ఆపరేటర్లు పరికరాన్ని పక్కన పెట్టి గాలి ఎక్కువే ఇచ్చేవారు. వాళ్లను తప్పుపట్టలేను. పొగలో ఆక్సిజన్ కొలిచే ప్రోబ్‌కు బూడిద పట్టి రీడింగ్ కూడా తప్పు వచ్చేది. ఆ పరికరం గుట్టు తెలిసిన ఇంజనీర్లేమో, కంపెనీ చేతులు మారగానే ఒక్కరు తప్ప అందరూ మానేశారు.

పార్వతీపురం నుంచి రోజూ రైల్లో వచ్చే మా పెద్ద ఆపరేటర్ ఒకాయన, "బాబూ, తడి బొగ్గుకో సెట్టింగు, పొడి బొగ్గుకో సెట్టింగు పెట్టండి" అన్నారు. మిగిలిన ఆ ఒక్క ఇంజనీరు మాతో రాత్రి షిఫ్టులు చేసి అలాగే మార్చారు. తెలుగులో, ఒడియాలో సూచనలు రాసి ప్యానెల్‌కు అంటించాం. షిఫ్టుకోసారి ప్రోబ్ తుడిచాం. బొగ్గు తగ్గడం అప్పుడు మొదలైంది. ఆయన మాట ఏడాది ముందే అడిగి ఉంటే ఎంత బొగ్గు మిగిలేదో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రిపోర్టు సంగతి వేరు. 2022–23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు, స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం, పర్యావరణ, సామాజిక బాధ్యతల మీద బీఆర్‌ఎస్‌ఆర్ అనే రిపోర్టు ఇవ్వాలి. అందులో ఉద్గారాలను టర్నోవర్‌తో భాగించిన అంకె ఒకటి ఉంటుంది. సోలార్ కంపెనీని కొంటే దాని అమ్మకాలు మన ఖాతాలో కలుస్తాయి, పొగ దాదాపు ఏమీ కలవదు. మన చిమ్నీ ఎప్పటిలాగే ఉన్నా అంకె దిగుతుంది. అందుకే టన్ను ఉత్పత్తికి ఎంత ఉద్గారమో ఆ అంకె చూడండి.

2022లో జేఎస్‌డబ్ల్యూ ఎనర్జీ, హైదరాబాద్‌ మైత్రా ఎనర్జీకి చెందిన 1,753 మెగావాట్ల పవన, సౌర విద్యుత్ కేంద్రాలను కొంటున్నట్టు ప్రకటించింది. అలాంటి కేంద్రాలు చేతులు మారినంత మాత్రాన గ్రిడ్‌కు కొత్త కరెంటు రాదు. ఆ డబ్బుతోనో ఆ అనుభవంతోనో కొత్తవి కడితేనే వస్తుంది.

కొన్న కంపెనీ ఇంజనీర్లలో ఇంకా ఎందరున్నారో మీ ప్లాంట్‌లో కనుక్కోండి. తర్వాత బాయిలర్ లాగ్‌బుక్‌లో టన్ను ఆవిరికి బొగ్గెంతో చూడండి. ఈ జులైని పోయిన జులైతో పోల్చండి, మే నెలతో కాదు.